కడుపు కోసం కలబంద: మట్ట కోసే దగ్గర్నుంచి మోతాదు దాకా

కలబంద కడుపుకి మంచిదని మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. మట్టలో ఏ భాగం మంచిదో, ఏది కాదో మాత్రం చాలామందికి తెలియదు. అందుకే మలబద్ధకానికని మట్టను తొక్కతో సహా మిక్సీలో వేసి పరగడుపున తాగేవాళ్లు కనిపిస్తుంటారు. నాలుగు రోజులకి కడుపు మెలిపెట్టి నీళ్ల విరేచనాలు పట్టుకుంటే "లోపలి చెడంతా పోతోంది, మంచిదేలే" అని సర్దిచెప్పుకుంటారు కూడా. అలా పోయేది ఒంట్లోని నీరు, ఉప్పులు.

సరిగ్గా చేసుకుంటే కలబంద గుజ్జు కడుపుకి హాయినిస్తుంది. నాకు దాని మీద నమ్మకం ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. మట్ట కోయడం, సొన వార్చడం, గుజ్జు కడగడం సరిగ్గా కుదిరితే మిగతాదంతా తేలిక. కాకపోతే కత్తి పట్టుకునే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఒకే మట్టలో రెండు వేర్వేరు పదార్థాలు

కలబంద మట్టను అడ్డంగా కోసి చూడండి. పైన ఆకుపచ్చ తొక్క. దానికి సరిగ్గా లోపలి వైపు సన్నటి గొట్టాలుంటాయి. కోసిన నిమిషంలోనే వాటి నుంచి పసుపు రంగు సొన చుక్కలుగా బయటికి వస్తుంది. ఘాటైన వాసన, భరించలేనంత చేదు. పళ్లెం మీద పడి కాసేపు ఆరితే ఎర్రటి గోధుమ రంగుకి తిరుగుతుంది, బట్టకి అంటితే మరక వదలదు. ఇక మధ్యలో ఉండేది గాజులా పారదర్శకంగా కనిపించే గుజ్జు. అందులో దాదాపు 99 శాతం నీరే. మిగిలిన ఆ కొంచెంలో ఎసిమానన్ లాంటి జిగురు చక్కెరలు ఉంటాయి. ఆ చలవ, ఆ జారుడు గుణం వాటివల్లే.

పసుపు సొనలో ఉండే ముఖ్యమైన పదార్థం పేరు అలోయిన్. ఇది చిన్న పేగుల్లో పెద్దగా అరగదు. నేరుగా పెద్ద పేగులోకి వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని విడగొట్టాక వచ్చే పదార్థం పేగు గోడను రెచ్చగొట్టి, నీటిని లోపలికి వదిలేలా చేస్తుంది. అందుకే రాత్రి తాగితే పొద్దున్నే విరేచనం అవుతుంది. ఒకసారికి పని జరిగినట్టే ఉంటుంది. రోజూ తాగితే పొటాషియం పడిపోతుంది, కాళ్ల పిక్కలు పట్టేస్తాయి, నీరసం వస్తుంది. నెలల తరబడి సాగితే పెద్ద పేగు లోపలి పొర నల్లబడుతుంది. గొట్టం వేసి పెద్ద పేగు లోపల చూసే కొలొనోస్కోపీ పరీక్షలో డాక్టర్లు దాన్ని చూడగానే గుర్తుపడతారు.

ఈ సొనను ఎండబెట్టి గట్టిపరిస్తే వచ్చేదే మూసాంబరం. బెణుకులకి, వాపులకి అరగదీసి పట్టు వేసేది అదే. ఆయుర్వేద వైద్యులు లోపలికి కూడా ఇస్తారు, అయితే శుద్ధి చేసి, మోతాదు కొలిచి, ఇన్ని రోజులే అని చెప్పి ఇస్తారు. నెలసరి రావడానికి ఇచ్చే రజఃప్రవర్తినీ వటిలో ఇది ముఖ్యమైన దినుసు. గర్భిణులు కలబంద జోలికి పోకూడదని పెద్దవాళ్లు అనడానికి కారణం ఇక్కడే ఉంది.

అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2002లో కలబంద సొనతో చేసిన విరేచన మందులను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని తీర్మానించింది. అవి సురక్షితమని చూపే సమాచారం తయారీదారులు ఇవ్వలేదు. ఆ తర్వాత అక్కడే రెండేళ్ల పాటు ఎలుకలకి, సొన తీయకుండా మొత్తం ఆకుతో తీసిన సారాన్ని తాగే నీళ్లలో కలిపి ఇచ్చారు. వాటి పెద్ద పేగుల్లో కణుతులు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ 'మొత్తం ఆకు సారాన్ని' క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో, 2బి వర్గంలో చేర్చింది. ఎలుకల్లో జరిగిందల్లా మనిషిలో జరుగుతుందని కాదు. గుజ్జు తింటే క్యాన్సర్ వస్తుందని అసలే కాదు. తొక్కతో, సొనతో సహా రోజూ తాగే అలవాటు మాత్రం ఈ రోజే మానేయాలి.

ఇక్కడి నుంచి నేను 'గుజ్జు' అన్న ప్రతిచోటా తొక్క, సొన పూర్తిగా తీసేసి కడిగిన మధ్య భాగమనే అర్థం.

ఏ బాధకి ఎంతవరకు

ఎసిడిటీ, గుండెల్లో మంట ఉన్నవాళ్లకి గుజ్జుతో కొంత ఉపశమనం దొరికే అవకాశం ఎక్కువ. ఇరాన్‌లో 2015లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో 79 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజుకి 10 మిల్లీలీటర్ల కలబంద సిరప్, మిగతా రెండింటికి ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్, రానిటిడిన్ మాత్రలు నాలుగు వారాలు ఇచ్చారు. సిరప్ తాగినవాళ్లకి మంట, పుల్లటి తేన్పులు తగ్గాయి. అయితే ఒమెప్రజోల్ దానికంటే మెరుగ్గా పనిచేసింది. నా మాట కూడా అదే. తేలికపాటి మంటకి గుజ్జు ప్రయత్నించవచ్చు. డాక్టరు రాసిన మాత్ర మానేసి దాని బదులు వాడొద్దు.

పెద్ద పేగు లోపల పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ జబ్బు మీద లండన్ వైద్యులు 2004లో చేసిన అధ్యయనం చాలామంది ఉదహరిస్తారు. 44 మందిలో 30 మందికి కలబంద గుజ్జు, 14 మందికి కలబంద లేని ఉత్తుత్తి పానీయం ఇచ్చారు. మోతాదు రోజుకి రెండుసార్లు 100 మిల్లీలీటర్లు, నాలుగు వారాలు. గుజ్జు తాగిన 30 మందిలో 14 మందికి, రెండో గుంపులో ఇద్దరికి బాధలు తగ్గాయి. వినడానికి బాగుంది కదా. కానీ గొట్టం వేసి పేగు లోపల చూసినప్పుడు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లు మందులు ఆపేసి కలబందని నమ్ముకుంటే పేగు లోపల పుండ్లు పెరుగుతూనే ఉండవచ్చు. మీ గ్యాస్ట్రో డాక్టరుకి చెప్పి, మందులతో పాటు వాడుకోవడం వేరు, మందుల బదులు వాడటం వేరు.

టెన్షన్ పడితే కడుపు కలత, ఒకరోజు విరేచనాలు, ఒకరోజు మలబద్ధకం: దీన్నే ఐబీఎస్ అంటారు. దీని మీద లండన్‌లోనే 2006లో 58 మందితో చేసిన అధ్యయనంలో కలబందకి, ఉత్తుత్తి మందుకి గట్టి తేడా కనిపించలేదు. ప్రయత్నించాలనుకుంటే ప్రయత్నించండి, ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. విరేచనాల రకం ఐబీఎస్ అయితే అసలు వద్దు.

మలబద్ధకం సంగతి నిజాయితీగా చెప్పాలి. కలబందతో 'గ్యారంటీగా' మోషన్ అయిందని చెప్పేవాళ్లు చాలావరకు సొన తాగుతున్నవాళ్లే. సొన తీసేసిన గుజ్జు చాలా మెత్తగా, నెమ్మదిగా పనిచేస్తుంది. కొందరికి అసలు పనిచేయదు. మీ అసలు సమస్య మలబద్ధకమే అయితే ముందు ఇసబ్గోల్ మొదలుపెట్టండి. ఒకటి రెండు చెంచాల పొట్టు ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేసి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. దానితో పాటు తెల్లన్నం తగ్గించి, ఆకుకూర, బీరకాయ, జామపండు, పప్పు పెంచండి. ఇంత చేశాక కలబంద గుజ్జు తోడుగా ఉంటే ఉండనివ్వండి.

మొదటి పని: అది గ్యాసేనా అని తేల్చుకోవడం

మన దగ్గర ఛాతీలో ఏ నొప్పి వచ్చినా మొదట వచ్చే మాట 'గ్యాస్'. సోడా తాగుతారు, వాము నములుతారు, కలబంద రసం తాగి పడుకుంటారు. అందులో కొన్ని గుండెపోట్లు. నొప్పి ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుగా ఉన్నా, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా, నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గినా వంటింటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, చెమటలు, వికారంతోనే గుండెపోటు రావచ్చు. ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరికీ ఈ ముక్క తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

మలంలో రక్తం, తారులా నల్లటి మలం, ముద్ద గొంతు దిగకపోవడం, తగ్గని వాంతులు, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేసే కడుపునొప్పి, రక్తహీనత ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే కలబంద. నలభై ఐదు దాటాక మోషన్ పద్ధతి ఉన్నట్టుండి మారితే, అది రెండు మూడు వారాలు సాగితే, అప్పుడూ ఇదే మాట.

ఎవరు వాడకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్లలోపు పిల్లలు లోపలికి తీసుకోవద్దు. గుజ్జులో సొన చుక్క కూడా కలవలేదని ఇంట్లో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు కాబట్టి ఈ విషయంలో మినహాయింపులు లేవు. కిడ్నీ జబ్బు, పేగుల్లో అడ్డు, మొలల నుంచి రక్తం, ఇప్పటికే విరేచనాలు ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. కలబంద సారాలు కొన్ని వారాలో నెలలో వాడాక లివర్ దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాడటం ఆపేశాక చాలామందిలో అది సర్దుకుంది. లివర్ సమస్య ఉన్నవాళ్లు ఈ ప్రయోగానికి దిగకపోవడమే మంచిది.

మందులు వాడేవాళ్ల విషయం కొంచెం విడమర్చి చెప్పాలి. షుగర్ మాత్రలు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ రకం, లేదా ఇన్సులిన్ వాడేవాళ్లకి కలబంద తోడైతే షుగర్ అనుకున్నదానికంటే పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందు డాక్టరుకి చెప్పి, మొదటి రెండు వారాలు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. బీపీకో గుండెకో లాసిక్స్ లాంటి నీటి మాత్రలు, డిగాక్సిన్ వాడేవాళ్లకి పొటాషియం పడిపోవడం ప్రమాదకరం, కాబట్టి అసలు వద్దు. రక్తం పలుచబడే వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లకీ వద్దు. ఏదైనా ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపేసి, ఆ మాట మత్తు డాక్టరుకి కూడా చెప్పాలి. వెల్లుల్లి, ఉల్లి పడనివాళ్లకి కలబంద కూడా పడకపోవచ్చు.

రెండో పని: మొక్కను గుర్తుపట్టడం

గుమ్మానికి దిష్టి తగలకుండా తలకిందులుగా కట్టే కలబంద మన ఇళ్లలో మామూలే. నెలల తరబడి గాలితోనే బతుకుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది. అయితే ఆ మట్టలను తినడానికి వాడకండి. వీధి దుమ్ము, పొగ, పైన రాసిన కుంకుమ రంగు అన్నీ వాటి మీదే ఉంటాయి. పైగా నీళ్లు లేక మట్టలు వడిలి, గుజ్జు తగ్గి, చేదు పెరిగి ఉంటుంది.

కుండీలోనో పెరట్లోనో పెరిగినదే తీసుకోండి. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క మీద పురుగుల మందు కొట్టి ఉండవచ్చు. కొన్ని నెలలు పెంచి, మీ ఇంట్లో పుట్టిన మట్టలు ఎదిగాకే కోయండి. రోడ్డు పక్కన, రైలు కట్ట దగ్గర పెరిగేవి వద్దు. అక్కడ కనిపించేది కలబందే కాకపోవచ్చు కూడా. పొలాల గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనారను చూసి కలబంద అనుకునేవాళ్లున్నారు. కిత్తనార మట్ట కొసన సూదిలాంటి గట్టి ముల్లు ఉంటుంది, మట్ట చీలిస్తే నార వస్తుంది. దాని రసం నోటిని, గొంతును మండించి వాపు తెస్తుంది. కలబంద మట్ట విరిస్తే పుటుక్కున విరుగుతుంది, అంచుల ముళ్లు మెత్తగా ఉంటాయి, లోపల నిండా గుజ్జే. కుండీల్లో అందం కోసం పెంచే చారల కలబందల్లో, పొట్టి రకాల్లో తినకూడనివి ఉన్నాయి. అనుమానం ఉంటే ఆ మొక్కను వదిలేయండి.

కోయడానికి మొక్క వయసు కనీసం రెండు మూడేళ్లు ఉంటే మంచిది. నడిమి మట్టలు లేతవి, వాటిని ముట్టుకోవద్దు. అన్నిటికంటే కింద, బయటి వైపున ఉండే లావుపాటి మట్టలే పక్వానికి వచ్చినవి. బాగా ఎదిగిన మట్ట ఒక్కటే అర కిలో దాకా తూగుతుంది, సగానికి పైగా గుజ్జే ఉంటుంది. ఒక మనిషికి ఒక మట్ట మూడు నాలుగు రోజులకి సరిపోతుంది.

మూడో పని: కోయడం, సొన వార్చడం

పొద్దున పూట కోయండి. మట్టను కాండానికి ఆనించి, మొదలు దగ్గర పదునైన కత్తితో ఒక్క కోతలో తెంపాలి. చేత్తో లాగితే మొదలు చీలిపోయి మొక్కకి కుళ్లు పడుతుంది.

కోసిన మట్టను వెంటనే సింకులో కడగకండి. కోసిన వైపు కిందికి ఉండేలా ఒక పొడుగాటి గ్లాసులో ఏటవాలుగా నిలబెట్టండి. మొదటి నిమిషంలోనే పసుపు సొన కారడం కనిపిస్తుంది. పది నిమిషాలకి ధార తగ్గి చుక్కలవుతుంది. అరగంట ఉంచండి. అప్పటికి గ్లాసు అడుగున చేరిన సొన ముదురు రంగులోకి తిరిగి ఉంటుంది. ఆ అరగంట చూసినవాళ్లెవరూ మళ్లీ మట్టను తొక్కతో మిక్సీలో వేయరు. కారడం బాగా నెమ్మదిగా ఉంటే మొదలు దగ్గర ఇంకో అంగుళం కోసి మళ్లీ నిలబెట్టండి. తర్వాత గ్లాసు, కత్తి, చేతులు సబ్బుతో కడిగి, మట్టను పారే నీళ్ల కింద తోమి కడగండి.

నాలుగో పని: గుజ్జు తీయడం

ఇక్కడ తొందర పనికిరాదు. మట్ట మొదలు వైపు రెండు అంగుళాలు, కొస వైపు మూడు నాలుగు అంగుళాలు తీసి పారేయండి. సొన ఎక్కువగా చేరేది మొదట్లోనే, కొసన గుజ్జు ఉండదు. మట్టను బల్ల మీద పరిచి రెండు అంచుల ముళ్లు నిలువునా చెక్కేయండి. ఇప్పుడు చదునుగా ఉన్న పైవైపు తొక్కను చేప పొలుసు తీసినట్టు కత్తిని పడుకోబెట్టి తీయండి. కొంచెం గుజ్జు తొక్కతో పోయినా పర్వాలేదు. పిసినారితనం చూపించి తొక్కకి అంటిన గుజ్జును చెంచాతో గీకితే, గొట్టాల్లో మిగిలిన సొన అంతా గుజ్జులోకి వస్తుంది. చాలామంది వీడియోల్లో చేసేది సరిగ్గా ఈ తప్పే.

మట్టను తిరగేసి, గుజ్జు దిమ్మను కింది తొక్క నుంచి కత్తితో లేపి తీయండి. చేతిలో నిలవదు, జారిపోతుంది. పొడి బట్టతో పట్టుకుంటే తేలిక. దిమ్మ మీద ఎక్కడైనా ఆకుపచ్చ పొరో, పసుపు గీతో కనిపిస్తే ఆ మేర చెక్కేయండి. మిగిలినది గాజు ముక్కలా తెల్లగా మెరవాలి.

దాన్ని అంగుళం ముక్కలుగా కోసి, గిన్నెడు చల్లటి నీళ్లలో వేసి పది నిమిషాలు ఉంచండి. నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి ఇంకోసారి. నీళ్లలో పసుపు ఛాయ పోయేదాకా ఇలాగే. మూడు నాలుగు సార్లకి మామూలుగా పోతుంది. ఆఖరున చిన్న ముక్క నాలుక కొసకి తగిలించి చూడండి. గుజ్జుకి రుచి దాదాపు ఉండదు, పచ్చి దోసకాయ నీళ్లలా ఉంటుంది. చేదు తగిలితే ఇంకా కడగాలి. అలా మళ్లీ కడిగాక కూడా చేదుగా ఉంటే ఆ మట్టను వదిలేయండి. చేదుగా ఉంటేనే మందు అనుకునే అలవాటు మనకి కాకరకాయ దగ్గర్నుంచి ఉంది. కలబంద దగ్గర మాత్రం ఆ లెక్క పనిచేయదు.

ఐదో పని: ఎంత, ఎప్పుడు, దేనితో

మొదటి మూడు రోజులు ఒక టీ చెంచా గుజ్జు చాలు. దురద, దద్దుర్లు, పెదాల వాపు, కడుపు మెలి, పలచటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా ఆపేయండి. ఏమీ లేకపోతే ఒక పెద్ద చెంచాకి, వారం తర్వాత రెండు పెద్ద చెంచాలకి పెంచవచ్చు. ఇంట్లో తీసిన గుజ్జు రోజుకి అంతకు మించి అవసరం లేదు. అధ్యయనాల్లో 200 మిల్లీలీటర్లు ఇచ్చారు కదా అంటారేమో. అది సొన తీసి తయారుచేసిన పానీయం, డాక్టర్ల కనుసన్నల్లో జరిగిన ప్రయోగం. వంటింట్లో కత్తితో తీసిన దానికి ఆ కొలత పట్టించకూడదు.

ఎసిడిటీకి అయితే భోజనానికి అరగంట ముందు, అర గ్లాసు మామూలు నీళ్లలో మిక్సీ పట్టి తాగండి. నిమ్మకాయ, అల్లం కలపమని అందరూ చెబుతారు. మంట ఉన్నవాళ్లకి ఆ రెండూ మంటను పెంచేవే, వద్దు. నాకు అన్నిటికంటే నచ్చింది మజ్జిగలో. పలచటి, పులవని మజ్జిగ ఒక గ్లాసు, గుజ్జు ఒక పెద్ద చెంచా, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు, ఉప్పు కొంచెం, రెండు కరివేపాకులు. ఒక తిప్పు తిప్పితే చాలు, ఎక్కువ తిప్పితే నురగ వచ్చి జిగురుగా తయారవుతుంది. మధ్యాహ్నం ఎండలో వచ్చినవాళ్లకి ఇది ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. తేనె, బెల్లం, చక్కెర కలిపితే రుచి బాగుంటుంది కానీ షుగర్ ఉన్నవాళ్లు మానుకోవాలి.

ఏ మాత్ర వేసుకున్నా దానికి, కలబందకి మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. జిగురు పదార్థం మందు ఒంటికి పట్టే తీరును మార్చవచ్చు. థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసుకునేవాళ్లు కలబందను సాయంత్రానికి మార్చుకుంటే గొడవ ఉండదు.

పచ్చిగా తాగలేనివాళ్లకి కూర ఉంది. రాజస్థాన్‌లో కలబందను గ్వార్‌పాఠా అంటారు, దాన్ని కూరగాయలాగే వండుకుంటారు. ముళ్లు తీసి ముక్కలు కోసి, ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కడిగి, తర్వాత ఆవాలు, జీలకర్ర, ఇంగువ పోపులో ధనియాల పొడి, కారం, ఆమ్‌చూర్‌తో మగ్గిస్తారు. మనం తొక్క తీసేసిన గుజ్జుతో అదే చేసి, ఆమ్‌చూర్ బదులు కాస్త చింతపండు పులుసు పోసుకోవచ్చు. మెత్తగా, బెండకాయ కూరకి దగ్గరగా ఉంటుంది. జొన్నరొట్టెతో చాలా బాగుంటుంది.

వాడటం మొదలుపెట్టిన రోజే ఒక చిన్న పుస్తకంలో రాయండి: మంట ఎన్నిసార్లు వచ్చింది, మోషన్ ఎలా అయింది, రాత్రి ఎన్ని గంటలకి తిన్నారు. ఈ చివరిది ముఖ్యం. రాత్రి పదిన్నరకి ఆవకాయ అన్నం తిని పదకొండింటికి పడుకునేవాళ్లకి ఏ గుజ్జూ ఏమీ చేయలేదు. పడుకునే ముందు మూడు గంటలు ఖాళీ కడుపు, ఖాళీ కడుపున టీ మానేయడం, తలవైపు మంచాన్ని అరడుగు ఎత్తు చేయడం: ఎసిడిటీకి ఈ మూడూ కలబంద కంటే ఎక్కువ పనిచేస్తాయని గట్టిగా చెప్పగలను. నాలుగు వారాలయ్యాక పుస్తకం తిరగేయండి. తేడా లేకపోతే మానేసి డాక్టరును కలవండి, హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేయించుకోండి. తేడా కనిపించినా నాలుగు వారాలకి ఆపి, మళ్లీ అవసరమైతేనే మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి రోజూ తాగాల్సినది కాదు.

బాటిల్ కొనాలనుకుంటే

అపార్ట్‌మెంట్లో మొక్క లేనివాళ్లు, విదేశాల్లో ఉన్న మనవాళ్లు బాటిల్ మీదే ఆధారపడతారు. ముందు వైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. 'ఇన్నర్ లీఫ్' అని ఉంటే గుజ్జు మాత్రమే తీసినట్టు. 'హోల్ లీఫ్' అని ఉంటే తొక్కతో సహా నలిపినట్టు. అలాంటప్పుడు పక్కనే 'డీకలరైజ్డ్' లేదా 'ప్యూరిఫైడ్' అని ఉందో లేదో చూడాలి. అంటే బొగ్గు వడపోతతో అలోయిన్ తీసేశారని. కలబంద కంపెనీల సంఘమైన అంతర్జాతీయ కలబంద విజ్ఞాన మండలి (IASC) పెట్టుకున్న ప్రమాణం ప్రకారం తాగే ఉత్పత్తుల్లో అలోయిన్ పది లక్షల భాగాలకి పది భాగాల లోపే ఉండాలి. కొన్ని కంపెనీలు ఆ అంకెను లేబుల్ మీదే వేస్తాయి.

చక్కెర ఎంత ఉందో చూడండి. 'కలబంద డ్రింక్' పేరుతో ముక్కలు తేలుతూ తియ్యగా దొరికేవి కూల్‌డ్రింక్ కిందే లెక్క. రసం పేరుతో అమ్మేవాటిలో సోడియం బెంజోయేట్ లాంటి నిల్వ పదార్థాలు ఉండటం సహజం, అంత భయపడక్కర్లేదు. కానీ మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి, లేబుల్ మీద రాసిన రోజుల్లోపు పూర్తిచేయాలి. కలబందతో చేసే ఆయుర్వేద మందు కుమార్యాసవం దీనికి పూర్తిగా వేరు. పులియబెట్టి చేసే ఆసవం కాబట్టి అందులో సహజంగా పుట్టిన ఆల్కహాల్, బెల్లం ఉంటాయి. వైద్యుడు చెప్పకుండా వాడొద్దు.

పొద్దున్నే పార్కుల గేట్ల దగ్గర అమ్మే ఆకు రసాల గురించి కూడా ఒక మాట. అక్కడి కలబంద రసం ఎలా తీశారో, సొన వార్చారో లేదో, ఏ నీళ్లు పోశారో మనకి కనిపించదు. అమ్మేవాళ్ల మీద నాకేం కోపం లేదు, పొట్టకూటి కోసం పొద్దున్నే లేస్తారు. వాళ్ల దగ్గర గోధుమ గడ్డి రసం, కీరా రసం తాగండి. కలబంద మాత్రం ఇంట్లోనే చేసుకోండి.

నిల్వ, మొక్క సంరక్షణ

తీసిన గుజ్జు గాలికి త్వరగా పాడవుతుంది. గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు. గులాబీ రంగుకి తిరిగినా, పుల్లటి వాసన వచ్చినా పారేయాలి. ఎక్కువ రోజులు కావాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, ఆ ముక్కలను డబ్బాలో వేసి ఫ్రీజర్లోనే ఉంచండి. రోజూ ఒకటి తీసి మజ్జిగలో వేసుకోవచ్చు. సగం కోసిన మట్ట మిగిలితే కోసిన చోట తడి గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఆగుతుంది, తీసిన ప్రతిసారీ కొత్త కోత దగ్గర సొనను మళ్లీ వార్చాలి.

ఒక మొక్క నుంచి ఒకసారికి రెండు మూడు మట్టలకి మించి తీయకండి, మళ్లీ ఎదగడానికి నెలలు పడుతుంది. వానాకాలంలో నీళ్లు నిలవనివ్వకండి, వేసవిలో వారానికి ఒకటి రెండుసార్లు పోస్తే చాలు. చుట్టూ వచ్చే పిలకలను వేరుచేసి చిన్న కుండీల్లో పెట్టుకుంటే రెండేళ్లలో అవీ కోతకి వస్తాయి. తినడానికి పెంచే కుండీలో పురుగుల మందు కొట్టొద్దు. పిండినల్లి పడితే సబ్బు నీళ్లతో తుడిచేస్తే సరిపోతుంది.